మైక్రోవేవ్ వేడిమిలో సంకర స్ఫటికాలు

కర్బన–అకర్బన సంకర పదార్థాలంటే ఒకే స్ఫటికంలో లోహపు భాగమూ కర్బన అణువుల భాగమూ రసాయన బంధాలతో అల్లుకుని ఉండే ఘనపదార్థాలు. వీటిలో అకర్బన భాగం ఒంటరి లోహ అయాన్ కావచ్చు, లేదా కొన్ని లోహ పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి కట్టుకున్న చిన్న గుచ్ఛం కావచ్చు. చట్రంగా అల్లుకోవాలంటే కర్బన భాగం మాత్రం కనీసం రెండు కొసల్లో లోహాన్ని పట్టుకోగలిగినదై ఉండాలి, అప్పుడే ఒక గుచ్ఛాన్ని మరొక గుచ్ఛంతో కలపడానికి అది పనికివస్తుంది. లోహాన్ని ఇలా పట్టుకునే అణువుకు లిగాండ్ అని పేరు. ప్లాస్టిక్ సీసాల తయారీలో విరివిగా వాడే టెరెఫ్తాలిక్ ఆమ్లం ఈ కోవలో అతి సామాన్యమైన లిగాండ్‌ను ఇస్తుంది: బెంజీన్ వలయానికి ఎదురెదురు కొసల్లో రెండు ఆమ్ల సమూహాలు ఉండడమే దాని నిర్మాణం. దీన్ని జింకు లవణంతో కలిపి తగిన ద్రావణిలో వేడిచేస్తే, నాలుగు జింకు పరమాణువులు ఒక ఆక్సిజన్ చుట్టూ చేరిన గుచ్ఛాలు మూలల్లోనూ, టెరెఫ్తాలేట్ అణువులు అంచుల వెంబడీ నిలిచి, లోపలంతా ఖాళీగా ఉండే ఘనాకార చట్రం ఏర్పడుతుంది. 1999లో ఒమర్ యాఘీ బృందం ప్రకటించిన ఈ పదార్థం పేరు మాఫ్-5. దీని ఒక్క గ్రాములో ఉన్న రంధ్రాల గోడలన్నింటినీ పరిచి కొలిస్తే వచ్చే వైశాల్యం సుమారు 2,900 చదరపు మీటర్లు, అంటే తెలుగు రైతు లెక్కలో దాదాపు 72 సెంట్ల నేల.

ఇటువంటి లోహ–కర్బన చట్రాలకే క్లుప్తంగా మాఫ్‌లని పేరు. 1989లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ రాబ్సన్ రాగి అయాన్లను నాలుగు చేతులున్న కర్బన అణువుతో కలిపి, వజ్రంలోని అమరికను పోలి ఉంటూనే లోపల విశాలమైన ఖాళీలున్న స్ఫటికాన్ని తయారుచేయడంతో ఈ శాఖకు పునాది పడింది. 1997లో జపాన్‌కు చెందిన సుసుము కిటగావా అటువంటి చట్రాల్లోకి వాయువులు వెళ్లి తిరిగి బయటికి రాగలవని చూపారు. యాఘీ వాటిని దృఢంగా నిలబెట్టారు. 2025 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని ఈ ముగ్గురూ పంచుకున్నారు. రాబ్సన్ తొలి ప్రయోగం వెలువడిన 1989లోనే, అప్పట్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా ఉన్న గౌతమ్ దేశిరాజు రాసిన ‘క్రిస్టల్ ఇంజనీరింగ్’ గ్రంథం కూడా వెలువడడం గమనించదగిన సంగతి. అది కేవలం కర్బన ఘనపదార్థాలకు సంబంధించిన పుస్తకమే అయినా, అణువుల మధ్య ఆకర్షణలను ముందే లెక్కలోకి తీసుకుని స్ఫటికాన్ని రూపకల్పన చేయవచ్చన్న ఆలోచన రెండింటికీ ఉమ్మడిది.

అయితే చట్రం బొమ్మను కాగితం మీద గీయడం ఒక ఎత్తు, దాన్ని స్ఫటికంగా పెంచడం మరో ఎత్తు. లోహమూ లిగాండూ ద్రావణంలో ఎదురుపడగానే ఎడాపెడా అతుక్కుపోతే మిగిలేది క్రమం లేని అవక్షేపమే తప్ప స్ఫటికం కాదు. పొరపాటున తప్పు చోట పడిన అణువు ఊడివచ్చి సరైన చోట కుదురుకోవడానికి వీలుండాలి, అంటే అక్కడి బంధాలు ఏర్పడుతూ తెగుతూ ఉండగలగాలి. గది ఉష్ణోగ్రత వద్ద చాలా లోహాలకు ఈ సవరింపు మందకొడిగా సాగుతుంది, క్రోమియం వంటి మొండి లోహానికైతే దాదాపు సాగదు. సంకర స్ఫటికాల పెంపకంలో వేడి తరచుగా అవసరం కావడానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం అర్థం కావాలంటే స్ఫటికం పుట్టుక గురించి కొంత తెలుసుకోవాలి. ద్రావణంలో కరిగి ఉన్న పదార్థం దాని కరిగే పరిమితిని మించిపోయినప్పుడు ఆ స్థితిని అతిసంతృప్తత అంటారు. ఆ స్థితిలో కణాలు అక్కడక్కడా గుంపుకట్టడం, విడిపోవడం నిరంతరం జరుగుతూ ఉంటుంది. గుంపు కట్టడం వల్ల లోపలి కణాలకు కొంత శక్తి లాభం ఉన్నా, పైపొరలోని కణాలకు అన్ని వైపులా తోడు లేకపోవడం వల్ల కొంత నష్టం కూడా ఉంటుంది. గుంపు చిన్నదిగా ఉన్నంతకాలం నష్టానిదే పైచేయి కాబట్టి అది మళ్లీ కరిగిపోతుంది, ఒక సందిగ్ధ పరిమాణాన్ని దాటితే మాత్రం లాభానిది పైచేయి అయి అది పెరగడం మొదలుపెడుతుంది. ఆ హద్దు దాటిన గుంపే స్ఫటిక బీజం. అతిసంతృప్తత పెరిగేకొద్దీ ఈ హద్దు చిన్నదవుతుంది, బీజాలు పడే వేగం మాత్రం ఏదో కొద్దిగా కాక విపరీతంగా హెచ్చుతుంది. 1950లో విక్టర్ లామెర్, రాబర్ట్ డైనెగర్ ఈ ప్రక్రియను ఒక చిత్రంగా గీసి చూపారు: అతిసంతృప్తత ఒక గీతను దాటిన కొద్ది వ్యవధిలోనే బీజాలన్నీ పడిపోతే, ఆ తర్వాత మిగిలిన పదార్థమంతా వాటి మీదే పేరుకుని, అన్నీ ఒకే వయసువి కనుక ఇంచుమించు ఒకే పరిమాణానికి చేరుతాయి, అలా కాక బీజాలు విడతలు విడతలుగా పడుతూ పోతే చిన్నా పెద్దా కలగలిసిన పొడి వస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీసి నిదానంగా చల్లారనిస్తే పటికబెల్లం పలుకులు కట్టడం అందరూ ఎరిగినదే. అక్కడ అతిసంతృప్తతను సృష్టించేది చల్లదనం. చాలా మాఫ్‌ల విషయంలో దాన్ని సృష్టించేది వేడి. కరిగిన టెరెఫ్తాలిక్ ఆమ్లం తన హైడ్రోజన్ అయాన్లను వదిలితే గాని లోహాన్ని గట్టిగా పట్టుకోలేదు. డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణిని కొద్దిపాటి నీటితో వేడిచేసినప్పుడు అది మెల్లగా విచ్ఛిన్నమై డైమిథైల్ అమీన్ అనే క్షారాన్ని విడుదల చేస్తుంది, ఆ క్షారం ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్లను లాక్కుంటుంది, అలా సిద్ధమైన లిగాండ్లు లోహంతో కలిసి చట్రపు ముక్కలుగా పేరుకుంటూ పోతాయి. అంటే ద్రావణి కేవలం కరిగించే ద్రవంగా ఉండిపోక, ముడిసరుకును ఎంత వేగంగా విడుదల చేయాలో నిర్ణయించే కుళాయిలా కూడా పనిచేస్తుంది, ఆ కుళాయిని తిప్పేది ఉష్ణోగ్రత. కనుక వేడి ఎంత అన్నదానితో పాటు, ఎంత త్వరగా, ఎంత సమంగా అందిందన్నది స్ఫటికాల సంఖ్యనూ పరిమాణాన్నీ శాసిస్తుంది.

సంప్రదాయ పద్ధతిలో ద్రావణాన్ని టెఫ్లాన్ లోపలి పాత్ర అమర్చిన ఆటోక్లేవు అనే ఉక్కు పీడన పాత్రలో బిగించి, విద్యుత్ పొయ్యిలో గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి ఉంచుతారు. ముందుగా పొయ్యిలోని గాలి వేడెక్కాలి, అది ఉక్కుకు, ఉక్కు టెఫ్లాన్‌కు, టెఫ్లాన్ ద్రావణానికి వేడిని అందించాలి; టెఫ్లాన్ అసలే మంచి ఉష్ణవాహకం కాదు. ఫలితంగా ద్రావణపు మధ్యభాగం ఇంకా చల్లగా ఉండగానే గోడ పక్కన ఉన్న పలుచని పొర వేడెక్కి, అక్కడే, గోడ గీతల్లో, తొలి బీజాలు పడతాయి. ఆటోక్లేవు విప్పినప్పుడు స్ఫటికాలు గోడకూ అడుగుకూ అంటుకుని కనిపించడానికి కారణం ఇదే. మధ్యభాగం వేడెక్కే సరికి కొత్త బీజాలు పడుతుంటాయి, పాతవి అప్పటికే పెరిగి ఉంటాయి.

మైక్రోవేవ్ వేడిమి ఈ క్రమాన్ని మారుస్తుంది. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ రాడార్ కోసం రూపొందించిన కేవిటీ మాగ్నెట్రాన్ గొట్టమే నేటికీ ఈ తరంగాలకు పుట్టిల్లు. యుద్ధం ముగుస్తున్న 1945లో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ దాన్ని వంటకు మళ్లించాడు. ఇళ్లలోని పొయ్యిలూ, ప్రయోగశాల రియాక్టర్లలో అధిక భాగమూ 2.45 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో, అంటే సుమారు 12.2 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేస్తాయి. ఆ తరంగంలోని విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల ఆవృత్తులు పూర్తిచేస్తుంది. నీరు, ఆల్కహాలు వంటి అణువుల్లో ఒక కొస స్వల్పంగా ధనావేశంతో, మరో కొస ఋణావేశంతో ఉంటాయి కాబట్టి అవి క్షేత్రంతో పాటు తిరగబోయి, పక్క అణువుల అడ్డు వల్ల వెనకబడి, ఆ ఒరిపిడిలో శక్తిని వేడిగా వదులుతాయి. కరిగి ఉన్న అయాన్లు కూడా క్షేత్రానికి అనుగుణంగా ముందుకూ వెనక్కూ కదులుతూ పక్కవాటిని ఢీకొంటాయి. మాఫ్ ద్రావణంలో లోహ లవణం ఎలాగూ ఉంటుంది కనుక ఈ రెండో మార్గం అక్కడ బాగా అక్కరకొస్తుంది.

ప్రజల్లో బాగా పాతుకుపోయిన ఒక అపోహను ఇక్కడ తొలగించాలి. 2.45 గిగాహెర్ట్జ్ నీటి అణువు సహజ కంపనానికి సరిపోయే పౌనఃపున్యమని పాఠ్యగ్రంథాల్లో కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది, అది నిజం కాదు. గది ఉష్ణోగ్రత వద్ద నీరు అత్యధికంగా శోషించేది 20 గిగాహెర్ట్జ్‌కు దగ్గర్లో. అక్కడ పనిచేసే పొయ్యి చేస్తే తరంగాలు ఆహారపు పైపొరలోనే ఇంకిపోయి లోపలికి చేరవు. 2.45 వద్ద కూడా నీటిలో రెండు సెంటీమీటర్లు వెళ్లేలోపే తరంగం సగానికి పైగా శక్తిని కోల్పోతుంది. అందువల్ల మైక్రోవేవ్ వస్తువును లోపలి నుంచి బయటికి వేడిచేస్తుందన్న మాట పెద్ద పాత్రల విషయంలో చెల్లదు, వేలెడంత గాజుగొట్టంలోని ద్రావణం విషయంలో మాత్రం చాలావరకు చెల్లుతుంది. గాజూ టెఫ్లానూ ఈ తరంగాలను దాదాపుగా అడ్డుకోవు కాబట్టి అక్కడ గోడ చల్లగా, ద్రావణం వేడిగా ఉంటుంది, అది ఆటోక్లేవులో జరిగేదానికి సరిగ్గా తలకిందులు.

ఏ ద్రావణి ఎంత బాగా వేడెక్కుతుందో చెప్పడానికి నష్ట గుణకం అనే సంఖ్యను వాడతారు. శోషించిన తరంగశక్తిని వేడిగా మార్చుకోగల సామర్థ్యానికి అది కొలమానం. 2.45 గిగాహెర్ట్జ్ వద్ద అది ఇథిలీన్ గ్లైకాల్‌కు 1.35, ఇథనాల్‌కు 0.94, డైమిథైల్ ఫార్మమైడ్‌కు 0.16, నీటికి 0.12, ధ్రువత లేని హెక్సేన్‌కు 0.02. నీటి కంటె ఇథనాల్ మెరుగని ఈ అంకెలు చెబుతున్నాయి, వంటింటి అనుభవం నుంచి దీన్ని ఊహించడం కష్టం.

ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. 1999లో హాంగ్‌కాంగ్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారై, ఆ సంస్థ పేరుతోనే హెచ్‌కస్ట్-1గా ప్రసిద్ధికెక్కిన రాగి చట్రానికి కావలసినవి రెండే: కాపర్ నైట్రేట్, బెంజీన్ వలయం మీద మూడు ఆమ్ల సమూహాలున్న ట్రైమెసిక్ ఆమ్లం. మూల పద్ధతిలో వీటిని నీరూ ఇథనాలూ సమపాళ్లలో కలిపిన ద్రవంలో 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 12 గంటలు ఆటోక్లేవులో ఉంచారు. మైక్రోవేవ్ పద్ధతిలో అదే ద్రావణాన్ని మందపాటి గాజుగొట్టంలో మూతబిగించి, తిరిగే అయస్కాంత కడ్డీతో కలియబెడుతూ తరంగాలకు గురిచేస్తే, ఒకటి రెండు నిమిషాల్లో ద్రావణం 140 డిగ్రీలు దాటుతుంది. మూత బిగించి ఉండడం వల్ల ఇథనాల్ తన 78 డిగ్రీల మరుగు స్థానాన్ని దాటి కూడా ద్రవంగానే నిలుస్తుంది. పారదర్శకంగా ఉన్న నీలి ద్రావణం మసకబారి, నిమిషాల్లో ఆకాశనీలపు పొడిగా మారుతుంది. సూక్ష్మదర్శినిలో ఆ పొడిలోని ప్రతి పలుకూ ఎనిమిది త్రికోణపు ముఖాలున్న అష్టముఖి. ఆ పొడిని శూన్యంలో వేడిచేస్తే రాగి పరమాణువులకు అంటిపెట్టుకున్న నీరు పోయి రంగు ముదురు ఊదాకు తిరుగుతుంది, తేమ గాలి తగిలితే మళ్లీ నీలమవుతుంది. రంధ్రాలు తెరుచుకున్నాయా లేదా అన్నది కంటితోనే తెలుసుకోవడానికి ఇంతకంటె సులువైన పరీక్ష లేదు.

రసాయన చర్యలకు ఇంటి మైక్రోవేవ్ పొయ్యిని వాడవచ్చని 1986లో కెనడా, అమెరికాల్లోని రెండు బృందాలు విడివిడిగా చూపినా, సంకర చట్రాల వంతు రావడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో జెరార్ ఫెరే బృందం 2004లో రూపొందించిన మిల్-100 అనే క్రోమియం ట్రైమెసేట్ చట్రం 220 డిగ్రీల వద్ద నాలుగు రోజులు తీసుకునేది. 2005లో దక్షిణ కొరియా రసాయన శాస్త్రజ్ఞులు అదే ఉష్ణోగ్రత వద్ద మైక్రోవేవ్‌తో నాలుగు గంటల్లో దాన్ని రాబట్టారు, దిగుబడి కూడా దాదాపు సమానమే. మరుసటి ఏడాది అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జెంగ్ నీ, రిచర్డ్ మాసెల్ మాఫ్-5 కుటుంబానికి చెందిన సూక్ష్మ స్ఫటికాలను నిమిషం లోపే తయారుచేశారు.

వేగం కంటె విలువైన లాభం మరొకటి ఉంది. క్రోమియమూ టెరెఫ్తాలిక్ ఆమ్లమూ కలిసి కనీసం రెండు రకాల చట్రాలను ఇవ్వగలవు: పెద్ద పంజరాలున్న మిల్-101 ఒకటి, సన్నని సొరంగాలున్న మిల్-53 మరొకటి. వీటిలో మిల్-53 ఎక్కువ స్థిరమైనది, కాని ముందుగా ఏర్పడేది మిల్-101. దాన్ని వేడిలో అలాగే వదిలేస్తే క్రమంగా మిల్-53గా మారిపోతుంది. నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారే ఉక్కు ఆటోక్లేవులో ఈ మార్పును మధ్యలో ఆపడం సులువు కాదు. నిమిషాల్లో వేడెక్కించి, సమయం కాగానే గాలి ఊది చల్లార్చే మైక్రోవేవ్ రియాక్టరులో మిల్-101ను దారిలోనే పట్టుకోవచ్చు. 210 డిగ్రీల వద్ద గంట లోపు సమయంలో అది సిద్ధమవుతుందనీ, సమయాన్ని పెంచేకొద్దీ స్ఫటికాలు పెద్దవవుతాయనీ కొరియా ప్రయోగాలు తేల్చాయి.

ఇంతటి వేగానికి కారణం వేడేనా, లేక తరంగాలకే ఏదైనా ప్రత్యేక మహిమ ఉందా అన్న వాదం రెండు దశాబ్దాలకు పైగా సాగింది. 2.45 గిగాహెర్ట్జ్ వద్ద ఒక ఫోటాన్ శక్తి సుమారు 0.00001 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. గది ఉష్ణోగ్రతలో అణువుల సహజ చలనశక్తి దానికి వేలరెట్లు ఎక్కువ. రసాయన బంధం మాట అటుంచి, బలహీనమైన హైడ్రోజన్ బంధాన్ని తెంచడం కూడా దాని తరం కాదు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆలివర్ కాపే బృందం 2009లో ఈ వాదానికి చక్కని పరీక్ష పెట్టింది. సిలికాన్ కార్బైడ్ తరంగాలను తానే శోషించుకుని వేడెక్కుతుంది, లోపలి ద్రావణానికి వాటిని చేరనివ్వదు; ఆ పదార్థంతో చేసిన గొట్టంలోనూ, మామూలు గాజు గొట్టంలోనూ ఒకే చర్యను ఒకే ఉష్ణోగ్రత వద్ద జరిపి చూస్తే ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకుముందు మహిమగా తోచిన చాలా ఫలితాలకు అసలు కారణం కొలతలో లోపం: గొట్టం బయటి గోడను చూసే పరారుణ సెన్సారు, లోపల మరింత వేడిగా ఉన్న ద్రావణాన్ని తక్కువగా అంచనా వేసేది. అవి కర్బన చర్యలకు సంబంధించిన ప్రయోగాలే అయినా, మిల్-53 రకపు ఇనుప చట్రం మీద 2010లో జరిగిన పోలిక అధ్యయనం కూడా ఇదే దిక్కు చూపింది. విద్యుత్ పొయ్యిలో కంటె మైక్రోవేవ్‌లో బీజాలు పడడమూ స్ఫటికాలు పెరగడమూ రెండూ వేగంగానే సాగాయి, కాని అందుకు రసాయన కారణాల కంటె అక్కడక్కడ వేడి కేంద్రీకృతం కావడం వంటి భౌతిక కారణాలే ముఖ్యమని దాని రచయితలు భావించారు. మహిమ కోసం వెతకడం మానేయడమే మేలు. వేడి అందే తీరులో ఉన్న తేడా ఈ ఫలితాలను వివరించడానికి చాలు.

ఆ తేడాయే ఈ పద్ధతి పరిమితిని కూడా నిర్ణయిస్తుంది. ద్రావణమంతా ఒక్కసారిగా వేడెక్కితే లెక్కలేనన్ని బీజాలు ఒక్కసారిగా పడతాయి, ఉన్న ముడిసరుకును అవన్నీ పంచుకోవాలి కనుక ఏ ఒక్కటీ పెద్దది కాలేదు. వాయువులను పీల్చే పొడికీ, పలుచని పూతకూ, ఔషధ వాహకాలకూ ఇది వరమే. కొత్త చట్రపు నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో తేల్చాలనుకునేవారికి మాత్రం మిల్లీమీటరులో పదో వంతు పరిమాణమున్న ఒంటరి స్ఫటికం కావాలి, అందుకు ఇప్పటికీ పాత పొయ్యిలో రోజుల నిరీక్షణే నమ్మదగిన మార్గం. ఎసిటిక్, బెంజోయిక్ ఆమ్లాల వంటివి లిగాండ్‌తో పోటీపడి లోహాన్ని కాసేపు ఆక్రమించి బీజాలు పడడాన్ని నెమ్మదింపజేస్తాయి. ఇటువంటి నియంత్రకాలను కలిపితే మైక్రోవేవ్‌లో కూడా పలుకు పరిమాణాన్ని కొంత పెంచవచ్చు.

మాఫ్‌లే కాక, సౌర ఘటాల్లో వాడే పెరోవ్‌స్కైట్లు అనే సంకర స్ఫటికాల కథ మరో రకం. మిథైల్ అమ్మోనియం లెడ్ బ్రోమైడ్ డైమిథైల్ ఫార్మమైడ్‌లో వేడి పెరిగేకొద్దీ తక్కువగా కరుగుతుంది, అందువల్ల 80 డిగ్రీలకు వేడిచేస్తే కొన్ని గంటల్లోనే మిల్లీమీటర్ల పరిమాణపు స్ఫటికాలు వస్తాయని సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపారు. అక్కడ కూడా వేడిని త్వరగా ఎక్కిస్తే చిన్న పలుకులు, మెల్లగా ఎక్కిస్తే పెద్దవి వస్తాయి, సూత్రం మారలేదు.

ఈ రంగంలోకి అడుగుపెట్టే విద్యార్థులకు రెండు మాటలు చెప్పాలి. ఇంటి పొయ్యిలో ఈ ప్రయోగాలు ఎంతమాత్రం చేయకూడదు: మూతబిగించిన గొట్టంలో పీడనం ఎంతకు పెరుగుతోందో దానికి తెలియదు, డైమిథైల్ ఫార్మమైడ్ కాలేయానికి విషం, పైగా అదే పొయ్యిలో మళ్లీ అన్నం వేడిచేస్తారు. ప్రయోగశాలలో చేసినా, ఫలితాన్ని రాసేటప్పుడు ‘300 వాట్లు, రెండు నిమిషాలు’ అని వదిలేయవద్దు. ఆ వాట్లలో ద్రావణం ఎంత శోషించుకుందో ఎవరికీ తెలియదు కాబట్టి మరొకరు ఆ ప్రయోగాన్ని తిరిగి చేయలేరు. ద్రావణం లోపల ఫైబర్ ఆప్టిక్ సెన్సారుతో కొలిచిన ఉష్ణోగ్రత, అది పెరగడానికి పట్టిన సమయం, ద్రావణం ఘనపరిమాణం, గొట్టం వ్యాసం, కలియబెట్టిన వేగం, ఈ అయిదింటినీ తప్పక నమోదు చేయండి.